గెడ్డకాడ కట్టేసినారు

మాస్టారి పెద్దకర్మకని మొన్న నరసన్నపేట వెళ్తుంటే, ఊరికి రెండు మైళ్ళ ఇవతల మా బస్సు ఆగిపోయింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. గొయ్యి పక్కన వెదురుకర్రకి ఎర్రగుడ్డ కట్టి ఉంది. డ్రైవరు ఇంజను కట్టేసి బీడీ ముట్టించుకున్నాడు. బస్సులో అందరూ విసుక్కుంటున్నారు. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళు తడయ్యాయి. ఆయనే బతికుంటే ఈ గొయ్యి సంగతి వారం ముందే కనుక్కుని, ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగి నడవాలో నాకు కార్డు రాసి పడేసేవారు.

మాస్టారంటే నాకు చదువు చెప్పినాయన కాదు. అరవైల చివర్లో నేను లెక్కల మాస్టరుగా అక్కడి హైస్కూల్లో కొత్తగా చేరేనాటికి ఆయన సైన్సు మాస్టరు. నాకు ఇరవై నాలుగేళ్ళు, ఆయనకి నలభై దాటాయి. నాకు ఓపిక తక్కువ, ఆయనకి భయం ఎక్కువ. స్టాఫ్‌రూములో మా ఇద్దరి కుర్చీలూ పక్కపక్కనే పడ్డాయి.

ఊళ్ళో ఎవరు ఎదురైనా ఆయన బాగున్నారా అని అడిగేవారు కాదు. "దారెలా ఉన్నాది?" అనేవారు. పక్కవీధి నుంచి వచ్చినవాణ్ణీ అదే అడగడం, శ్రీకాకుళం నుంచి వచ్చినవాణ్ణీ అదే అడగడం. సాయంత్రమైతే బస్టాండుకి పోయి, దిగిన డ్రైవర్లని పట్టుకునేవారు. ఎక్కడ కంకర పోశారు, ఎక్కడ రోలరు నడుస్తోంది, ఏ వంతెన పక్కన మట్టిదారి వేశారు, ఆ మట్టిదారిలో చక్రం ఎంత దిగుతోంది, అన్నీ అడిగేవారు. డ్రైవర్లు మొదట్లో ఆయన్ని రోడ్ల డిపార్టుమెంటు మనిషి అనుకున్నారట. తీరా చూస్తే ఆయన ఏ ఊరూ వెళ్ళరు. సెలవులకి అత్తవారి ఊరికి కూడా భార్యాబిడ్డల్ని పంపి తను ఉండిపోయేవారు. అడుగు వేసేముందు చెప్పు మునివేళ్ళతో నేలని ఒకసారి నొక్కి చూసుకునే అలవాటొకటి. సిమెంటు గచ్చు మీద కూడా అంతే. నాతో బజారుకొస్తే, రోడ్డు దాటేటప్పుడు నా మణికట్టు గట్టిగా పట్టుకునేవారు. పెళ్ళికావలసిన కుర్రాణ్ణి, సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి.

ఇంకో అలవాటు ఉండేది. రోజూ స్కూలు వదలగానే బజారులో ఒకే దుకాణానికి వెళ్ళి చిన్న బెల్లంముక్క కొనేవారు. ఆయన తీపి తినరు. ఆ బెల్లం తెచ్చి మర్నాడు మా స్కూలు ఆయమ్మకి ఇచ్చేవారు. దుకాణంలో కూర్చునే కుర్రాడు బెల్లం తూచేటప్పుడు ఆయన తక్కెడ వైపు చూసేవారు కాదు, ఆ కుర్రాడి కుడిచేతి వైపు చూసేవారు. ఆ మోచెయ్యి కొంచెం వంకర. ఇదేం వింత అని ఆయమ్మని అడిగితే ఆవిడ చెప్పింది.

"నువ్వు రాకముందు సంగతి బాబూ. మాస్టారు పిల్లల్ని బండి మీద శ్రీకూర్మం తీసుకెల్లినారు. రోడ్డుకని కంకర కుప్పలు పోసున్నాయి. చక్రం కుప్ప మీదకెక్కి బండి బోర్లా పడిపోనాది. అందరికీ ఏటీ అవ్వలేదు గానీ ఆ కుర్రోడికి సెయ్యిరిగిపోనాది. సరిగా అతకలేదు. ఆ తండ్రి బజార్లో అందరి ముందరా ఏటన్నాడో తెలుసా? పిల్లల్ని తీసుకెల్లడం కాదు మాస్టారూ, తేవడం వస్తే తీసుకెల్లాల అన్నాడు. అంతే. ఆరోజు నుంచీ ఈయన ఊరు కదలడు."

ఆ మాట ఆయనలో ఎంత దిగిపోయిందంటే, అది ఆయన సొంతమాట అయిపోయింది. ఎవరు ఏ ప్రయాణం గురించి చెప్పినా "ఎల్లడమేముంది. రావడం సూసుకో" అనేవారు.

అలాంటి మనిషి పిల్లల్ని తీసుకుని తేలినీలాపురం వెళ్తానన్నప్పుడు నేను నమ్మలేదు. దానికి కారణం తొమ్మిదో తరగతిలో ముందుబెంచీ పిల్ల. భావనపాడు నుంచి వచ్చి మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. వాళ్ళది చేపల వ్యాపారం. ఒకరోజు మాస్టారు పటం తగిలించి గూడబాతు గురించి చెప్తున్నారు. ముక్కు కింద సంచి ఉంటుందని, చేపల్ని నీళ్ళతో సహా తోడుకుంటుందని, చలికాలంలో మన టెక్కలి అవతల తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూళ్ళు కడుతుందని. ఆ పిల్ల లేచి, "మీరు సూసినారా మాస్టారూ?" అని అడిగింది. లేదన్నారు. "మరి దగ్గరే కదేటి?" అంది. అంతే, పొగరేమీ లేదు. పక్కగదిలో లెక్కలు చెప్తున్న నాకు, ఆ తర్వాత ఆయన పటం తీసి చుట్టేస్తున్న చప్పుడు వినపడింది.

మర్నాడు స్టాఫ్‌రూముకి వెళ్ళేసరికి ఆయన గచ్చు మీద గొంతుక్కూర్చుని సుద్దముక్కతో గీస్తున్నారు. గుమ్మం దగ్గర నరసన్నపేట, బీరువా కింద టెక్కలి, కిటికీ కింద తేలినీలాపురం. మధ్యలో సున్నాలు చుడితే కంకర కుప్పలు, ఇంటూ గుర్తు పెడితే తవ్వేసిన చోటు, చతురస్రం రోలరు. రోజూ సాయంత్రం బస్టాండులో విన్న కబురుని బట్టి పొద్దున్నే కొన్ని చెరిపి కొన్ని గీసేవారు. ఆయమ్మ పదిహేను రోజులు ఆ గది తుడవలేదు. ఆవిడ చీపురు పట్టుకుని గోడ వారగా నడిచేది. నేను మాత్రం కావాలని రోడ్డు మీద కాలేసేవాణ్ణి.

"తొక్కీకు. అక్కడ తారు ఇంకా ఆరలేదు" అనేవారు నవ్వకుండా.

ట్రంకు రోడ్డు వరకు ఆయనకి దిగులు లేదు. దాని మీద ఏ గొయ్యి ఎక్కడుందో డ్రైవర్లు చెప్పేశారు. టెక్కలి దాటి ఊళ్ళోకి తిరిగే మట్టిరోడ్డుతోనే గొడవ. దాన్ని ఎత్తుచేసి కంకర వేస్తున్నారు. మధ్యలో ఉప్పునీళ్ళ వాగు ఒకటుంది, మా వైపు గెడ్డ అంటారు. సముద్రానికి పోటొస్తే ఆ నీళ్ళు గెడ్డలోకి ఎగదన్నుతాయి. దాని మీద కొత్త కల్వర్టు మొదలుపెట్టారు. అది పూర్తయిందా లేదా చెప్పగలిగిన డ్రైవరు దొరకలేదు, ఆ దారిని బస్సులు పోవు. కిటికీకి జానెడు ఇవతల ఆయన సుద్దగీత ఆగిపోయింది. అక్కడ ప్రశ్నార్థకం పెట్టి, దాని చుట్టూ తిరిగేవారు.

చివరికి ఆ ఊరి ఎలిమెంటరీ స్కూలు మాస్టరుకి రిప్లై కార్డు రాశారు. గెడ్డ దగ్గర పని ఎంతవరకు వచ్చింది, పక్షులు ఎన్నాళ్ళుంటాయి అని. పదిరోజులకి జవాబు వచ్చింది. మూడే మూడు ముక్కలు. "గెడ్డకాడ కట్టేసినారు. పక్షులున్నాయి. తొందరగా వస్తే మంచిది."

"ఇంకేం మాస్టారూ, కట్టేశారట. పదండి" అన్నాను.

ఆయన కార్డుని కిటికీ వెలుతురులో పెట్టుకుని చూస్తున్నారు. "ఏటి కట్టేసినారు?" అన్నారు.

"కల్వర్టు."

"కల్వర్టు కట్టేసినారా, దారి కట్టేసినారా? రెండింటికీ అదే మాట కదా."

నాకు నవ్వాగలేదు. మన భాషలో ఇల్లు కడతాం, ఆవునీ కడతాం. వంతెన కట్టేశారంటే పూర్తయిందని, దారి కట్టేశారంటే మూసేశారని. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ నేను లెక్కల మాస్టర్ని. "దారి మూసేస్తే తొందరగా రమ్మని ఎందుకు రాస్తాడు? రావొద్దని రాస్తాడు గానీ. కాబట్టి కట్టేశారంటే కల్వర్టే" అని నిరూపించేశాను.

"మళ్ళీ ఒక కార్డు రాసి కనుక్కుంటే?"

"ఈ కార్డుకి పదిరోజులు పట్టింది. ఇంకో పదిరోజులైతే పక్షులు పోతాయి. మీకు వెళ్ళాలని లేకపోతే లేదని చెప్పండి మాస్టారూ. పిల్లల్ని ఎందుకు ఊరించడం?"

ఈ చివరి మాట అనవలసింది కాదు. ఆయన మొహం చిన్నబోయింది. కార్డు జేబులో పెట్టుకుని, వంగి, ఆ ప్రశ్నార్థకాన్ని అరచేత్తో చెరిపేసి, గీతని కిటికీ వరకు లాగారు. 

హెడ్మాస్టరు ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు. ఈసారి ఏ పిల్లకి గీటు పడినా ఆ స్కూల్లో మళ్ళీ ఎవరూ విహారయాత్ర మాటెత్తకూడదు. ఇరవై ఎనిమిది మంది పిల్లల తల్లిదండ్రుల దగ్గరకీ మాస్టారే ఇల్లిల్లూ తిరిగారు. బెల్లం దుకాణానికి కూడా వెళ్ళి, ఆ కుర్రాడితో ఏదో చెప్పి వచ్చారు. ఏం చెప్పారని అడిగితే, "ఎల్తన్నానని సెప్పినాను. తప్పేటి?" అన్నారు.

మాఘమాసంలో ఒక ఆదివారం తెల్లారుతూనే బయలుదేరాం. అద్దెబస్సు. మాస్టారు డ్రైవరు వెనకసీట్లో ముందుకు వంగి కూర్చున్నారు. ఒళ్ళో గోనెసంచి. అందులో విజిలు, గుడ్డపీలికలు, టించరు సీసా, ఇంకా పెద్ద కొబ్బరితాడు చుట్ట. "తాడెందుకు మాస్టారూ, పక్షుల్ని కట్టేయడానికా?" అన్నాను. పిల్లలందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. టెక్కలి వరకు ఒక్కొక్క గొయ్యీ ఆయన గచ్చు మీద గీసిన చోటే ఎదురైంది. ప్రతి గొయ్యికీ ఆయన నా వైపు ఒకసారి చూసేవారు, అదొక్కటే ఆయనకి కొంచెం ధైర్యం.

గెడ్డ దగ్గర బస్సు ఆగింది. రోడ్డుకి అడ్డంగా తుమ్మకంప పడేసి ఉంది. దాని వెనక రోడ్డు లేదు. నిలువెత్తు గొయ్యి, అందులో సగం లేచిన రాతిగోడలు. కట్టేసింది దారినే.

 పిల్లలు కిటికీల్లోంచి తలలు పెట్టి చూస్తున్నారు. మాస్టారు బస్సు దిగారు. చెప్పు మునివేళ్ళతో నేలని నొక్కుకుంటూ కంప దాకా వెళ్ళారు. గొయ్యికి పక్కగా, కూలీలు తట్టలతో రాళ్ళు మొయ్యడానికి గెడ్డ మీద రెండు తాటిదుంగలు పరిచి ఉన్నాయి. అవతల ఒక కాలిబాట, మైలు దూరంలో చెట్లు. చెట్ల మీద తెల్లగా ఏదో కదులుతోంది. పిల్లలు చూసేశారు. ఇక వాళ్ళని వెనక్కి తిప్పడం ఎవరి వల్లా కాదు.

రాళ్ళు మోస్తున్న ఒక ఆడమనిషిని ఆయన అడిగారు, "అమ్మా, దారెలా ఉన్నాది?"

"ఇప్పుడైతే నీళ్ళు తీసున్నాయి బాబూ, నడవొచ్చు. పొద్దెక్కితే పోటొస్తాది. దుంగలు మునిగిపోతాయి. ఈ దుంగలు కూడా రేపో ఎల్లుండో తీసేస్తారు. అందుకే ఊళ్ళో మాస్టరు సూడాలనుకున్నోలందరినీ బేగి రమ్మంటన్నాడు."

తొందరగా వస్తే మంచిది అన్న దానికి అర్థం అదన్నమాట. నా నిరూపణ అక్కడే గెడ్డలో కలిసింది.

మాస్టారు గోనెసంచిలోంచి తాడు తీశారు. ఒక కొస ఇవతల వెదురు గుంజకి కట్టి, రెండో కొస పట్టుకుని దుంగల మీద అవతలికి నడిచారు.  అవతల ఇంకో గుంజకి తాడు బిగించి, మళ్ళీ వెనక్కొచ్చి, మొలలోతు నీళ్ళలో దుంగల పక్కన దిగి నిలబడ్డారు. పిల్లలు తాడు పట్టుకుని ఒక్కొక్కరే దాటారు. దాటిన ప్రతివాళ్ళ కాలిమడమనీ ఆయన చేత్తో తాకి లెక్కపెట్టారు. ఇరవై ఎనిమిది. తర్వాత నేను. నా మడమ కూడా తాకారు.

"మీరూ రండి మాస్టారూ" అన్నాను.

"నువ్వు తీసుకెల్లు. పదకొండుకల్లా ఇక్కడుండాల. వాచీ సూసుకో. నేనిక్కడుంటాను."

"ఎందుకు? ఆ ఆడమనిషి చూస్తుంది కదా."

"మేస్త్రీ వచ్చి దుంగలు లాగించేస్తే? తాడు ఎవరేనా ఇప్పేస్తే? పోటు ముందరే వచ్చీస్తే కబురెవడు పంపుతాడు?" అని, గెడ్డలోంచి పైకొచ్చి, ఆ దుంగల మీద కూర్చున్నారు. ఆయన కూర్చున్నాక వాటిని ఎవరు లాగుతారు? "తేవాల కదా" అన్నారు, నాతో కాదు, నీళ్ళతో అన్నట్టు.

ఊళ్ళో ఏం జరిగిందో నాకు సరిగా గుర్తులేదు. చింతచెట్లు, వాటి కొమ్మల నిండా గూళ్ళు, నేలంతా తెల్లటి రెట్ట, చేపల వాసన. ఒక ముసలమ్మ పిల్లలకి మంచినీళ్ళిస్తూ, "మా ఆడపిల్లలమ్మా. ఏటా పురుటికి ఇక్కడికే వస్తారు. ఎవులూ రాయెయ్యకండి" అని చెప్పడం గుర్తుంది. నేను వాచీ చూసుకుంటూనే ఉన్నాను. వాచీ చూసుకున్న ప్రతిసారీ దుంగల మీద కూర్చున్న మనిషే కళ్ళముందు మెదిలాడు. పదిన్నర కాకుండానే పిల్లల్ని కేకలేసి లాక్కొచ్చాను.

మేము గెడ్డ దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు దుంగల్ని తాకుతున్నాయి. ఆయన బస్సు వైపు ఒడ్డున నిలబడి, చెయ్యి కళ్ళకి అడ్డంపెట్టుకుని మా వైపే చూస్తున్నారు. పంచె మొల దాకా ఇంకా తడిసే ఉంది. మళ్ళీ నీళ్ళలో దిగారు. మళ్ళీ మడమలు తాకారు. ఇరవై ఎనిమిది అయ్యాక బస్సులో కూర్చోబెట్టి తలలు లెక్కపెట్టారు, సరిపోక మళ్ళీ లెక్కపెట్టారు. సరిపోకపోవడమేమిటంటే, కంగారులో నన్నూ కలిపేశారు.

అప్పుడు ఆయన బస్సు దిగారు. కంకర కుప్ప మీద కూలబడి, కాసేపు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. తర్వాత ముందుబెంచీ పిల్లని కిటికీలోంచి పిలిచి అడిగారు. "సంచి నిజంగా అంత ఉన్నాదేటి?"

పిల్లలంతా ఒక్కసారి మీదపడ్డారు. ఒకడు తవ్వెడు పడుతుందన్నాడు, ఇంకొకడు కుంచెడన్నాడు. ఆ పిల్ల మాత్రం, "మా అమ్మ సేపల తట్టంత ఉన్నాది మాస్టారూ. పిల్ల తలకాయంతా తల్లి నోట్లో పెట్టీసి తింటన్నాది" అంది. ఆయన అందరి చేతుల కొలతలూ శ్రద్ధగా చూశారు, మధ్యమధ్యలో మళ్ళీ చెప్పమన్నారు. ఆయన మొహంలో భయం లేకపోవడం నేను చూసింది ఆ అరగంటే.

ఊరు చేరగానే ఇంటికి పోకుండా నేరుగా బెల్లం దుకాణానికి వెళ్ళారు. నేనూ వెంటే వెళ్ళాను. "తెచ్చీసినాను" అన్నారు. ఆ కుర్రాడు తలూపి, అడక్కుండానే బెల్లం తూచాడు. ఆ ముక్క ఆయన ఆయమ్మకి ఇవ్వలేదు. అక్కడే నిలబడి తిన్నారు.

తర్వాత ఆ పాఠం చెప్పినప్పుడల్లా ఆయన వరస మారింది. "నేను సూడలేదు. ఇరవై ఎనిమిది మంది సూసొచ్చి నాకు సెప్పినారు" అని మొదలుపెట్టేవారు. నేను క్షమించమని ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. వచ్చే ఏడు కల్వర్టు పూర్తవుతుంది, ఇద్దరం సైకిళ్ళ మీద వెళ్దామని మాత్రం అన్నాను. సరే అన్నారు. ఆ ఎండాకాలంలో నాకు పార్వతీపురం బదిలీ అయింది. కల్వర్టు అయిందని ఆయనే కార్డు రాశారు. "గెడ్డకాడ కట్టేసినారు. ఈసారి కల్వర్టే. పక్షుల్ని నేనింకా సూడలేదు" అని. జవాబు రాశాను. వెళ్దాం అన్నాను. ఏ ఆదివారమైనా వెళ్ళగలిగి ఉండేవాళ్ళం. నాకు పెళ్ళి, పిల్లలు, ట్యూషన్లు. ఒక పూట పని, నలభై ఏళ్ళు చెయ్యలేదు. ఇది తలచుకుంటే నామీద నాకే రోత పుడుతుంది.

పెద్దకర్మ భోజనాల దగ్గర ఆనాటి పిల్లలు ఏడెనిమిది మంది కనిపించారు. వడ్డించేవాళ్ళలో వంకరచెయ్యి మనిషి ఉన్నాడు, జుట్టు నెరిసిపోయింది. ముందుబెంచీ పిల్లకి ఇప్పుడు మనవరాలు. ఆ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని ఆవిడ చెప్తోంది.

"మా మాస్టారు మమ్మల్ని సింతసెట్టు కింద నిలబెట్టి, ఇదిగో సూడండే, సంచి సూడండే అని సేత్తో సూపించినారు. ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టే ఉన్నాది."

మిగతావాళ్ళు తలలూపారు. అందరికీ అలాగే గుర్తుందట. నేను ఉండబట్టలేక, "లేదమ్మా. ఆయన ఊళ్ళోకి రాలేదు. గెడ్డ దగ్గరే ఉండిపోయారు. మీతో వచ్చింది నేను" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి జాలిగా చూసింది. వయసు మీదపడి మతి తప్పుతోందనుకుని ఉంటుంది. "మీరు వచ్చినారు మాస్టారూ, కాదనను. వీధి మొదట్లో నిలబడి వాచీ సూసుకున్నారు. మీరు ఒక్కసారేనా తలెత్తి సూసినారేటి? మాకు పక్షుల్ని సూపించింది ఆయనే."

నా దగ్గర రుజువుంది. పక్షుల్ని చూడలేదని ఆయన రాసిన కార్డు ఇంట్లో పెట్టెలో ఉంది. చిన్నదాని కళ్ళు నా మీదే ఉన్నాయి, ఏమంటానోనని.

"అవునమ్మా, ఆయనే చూపించారు. నేనే మరిచిపోయాను" అన్నాను.

వంకరచెయ్యి మనిషి నా విస్తట్లో బెల్లంముక్క వేసి, వెళ్ళేటప్పుడు దారి జాగ్రత్త అన్నాడు.